మొదటి కుట్టు

పెళ్లి షొహిస్తాది. రక్తం ఇచ్చింది మాత్రం వాళ్ల వదిన మెహ్రి.

ఆ ఏర్పాటంతా మెహ్రి అత్తగారు, అంటే పెళ్లికూతురి తల్లి, హమ్రోబీబీది. నిఖాకి ముందు పెళ్లికూతురు రక్తపరీక్ష చేయించుకోవాలి. బుఖారా దగ్గరి ఆ గిజ్దువాన్ ఊళ్లో ఇన్నాళ్లూ అదొక తంతు, వెళ్లి చెయ్యి చాపి రావడమే. ఈసారి ఆసుపత్రి డాక్టరమ్మ ఒక మెలిక పెట్టింది. హమ్రోబీబీ చెల్లెలి కూతురు నొజిమాకి నెలనెలా రక్తం ఎక్కించేది ఆవిడే. అది వంశంలో వచ్చే జబ్బు కాబట్టి, ఆ ఇంటి ఆడపిల్లకి ఆ పరీక్ష కూడా చేద్దామంది. హమ్రోబీబీ గుండెల్లో రాయి పడింది. పెళ్లికొడుకు వాళ్లు అసలే చెవులు రిక్కించుకుని కూర్చునే మనుషులు. ఈ ఇంటి రక్తం మంచిది కాదట అన్న ఒక్క మాట వినబడితే చాలు, కుట్టబోయే పెళ్లి బొంతలు కుట్టినవి కుట్టినట్టే పెట్టెలో ఉండిపోతాయి.

అందుకని షొహిస్తా పాస్‌పోర్టు తీసి మెహ్రి చేతిలో పెట్టింది. శాలువా నుదుటి దాకా లాగి, తనే వెంటబెట్టుకుని వెళ్లింది.

"మీవాళ్లు నురాతా కొండల్లో వాళ్లు. ఊటనీళ్ల లాంటి రక్తం మీది. చిటికెడు ఇస్తే నీకేం తరిగిపోతుందే?" అంది దారిలో.

మెహ్రి కాదనలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది నిండలేదు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి అత్తమామలకి వంగి సలాం చేసే రోజులే ఇంకా. పైగా నెల తప్పిన సంగతి భర్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మంచిరోజు చూసుకుంటోంది. నర్సు పాస్‌పోర్టులో ఫొటో వంక చూసి, శాలువాలో మొహం వంక చూసి, ఎవరైతే నాకేం అన్నట్టు సూది గుచ్చేసింది.

అది జరిగిన కొన్నాళ్లకి ఇంట్లో బొంతల పని మొదలైంది. ద్రాక్ష పందిరి కింద చాపలు పరిచి, పత్తి కుప్ప పోశారు. మెహ్రి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతుల్లో రెండు సన్నటి బెత్తాలు పట్టుకుని దూది కొడుతోంది. ఒక బెత్తం పైకి లేస్తుంటే రెండోది దిగాలి. ఆ లయ తప్పితే దూది ముద్దలు ముద్దలుగా ఉండిపోతుంది. నురాతాలో తల్లి దగ్గర నేర్చుకున్న పని అది. ఏకిన దూదిని ఎర్ర పట్టుగుడ్డ మీద పొరలుగా పరిస్తే చుట్టుపక్కల అమ్మలక్కలు అంచులు సరిచేస్తున్నారు.

పెళ్లి బొంతకి మొదటి కుట్టు ఎవరు పడితే వాళ్లు వెయ్యకూడదు. మొగుడు బతికుండాలి, పిల్లలందరూ నిక్షేపంలా ఉండాలి. ఆ పేటలో ఎవరింట్లో పెళ్లయినా మొదటి కుట్టుకి పిలుపు వచ్చేది హమ్రోబీబీకే. నలుగురు పిల్లలు, నలుగురూ గుర్రాల్లాంటి వాళ్లు. ఆవిడ సూదిలో దారం ఎక్కించి "బిస్మిల్లా" అంటే మిగతా వాళ్లు మాటలు ఆపేస్తారు. నిజం చెప్పాలంటే ఆవిడ కుట్టు అంత గొప్పదేమీ కాదు, వంకరగా పోతుంది. అచ్చు గీత గీసినట్టు కుట్టేది చెల్లెలు ముఅజ్జమ్. కానీ నొజిమాకి జబ్బని తేలినప్పటి నుంచి ముఅజ్జమ్‌ని ఎవరూ పెళ్లి బొంత ముట్టనివ్వరు. ఈ రోజు కూడా ఆమె వంటింట్లో పలావుకి కేరట్లు తరుగుతోంది. సొంత అక్క కూతురి పెళ్లి. మెహ్రికి అది మొదటిసారి చూసినప్పుడే తప్పుగా కనబడింది. కానీ కొత్త కోడలు, నోరెత్తలేదు.

హమ్రోబీబీ రెండో బొంత మొదలుపెడుతుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. షొహిస్తాని తీసుకుని రేపు రమ్మన్నారు. హమ్రోబీబీ ఫోను పెట్టేసి, సూది ఎక్కడ పెట్టిందో మర్చిపోయి, చాప అంతా తడుముకుంది.

మర్నాడు మళ్లీ అదే శాలువా. డాక్టరమ్మ మంచి మనిషే, కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చెప్పింది.

"నీకే జబ్బూ లేదమ్మా షొహిస్తా. ఆ లక్షణాన్ని రక్తంలో మోస్తున్నావు, అంతే. దానివల్ల నీకేమీ కాదు. కానీ నీ భర్తలో కూడా అదే ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగో వంతు ప్రమాదం ఉంటుంది, మీ నొజిమాలాగా అవడానికి. పెళ్లికొడుకుని కూడా ఒకసారి తీసుకురండి."

మెహ్రి చెయ్యి శాలువా లోపల కడుపు మీదికి వెళ్లింది. ఆమెకి గుర్తొచ్చింది పెళ్లికొడుకు కాదు, తన భర్త బహ్రొమ్. నొజిమా తల్లి బహ్రొమ్‌కి సొంత పిన్ని. డాక్టరమ్మ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కడుపులో బిడ్డని తాష్కెంట్‌లో పరీక్ష చేస్తారని, ఆలస్యమైతే కుదరదని అన్న ఒక్క ముక్కే మెహ్రి చెవికి ఎక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో పక్కపక్కనే కూర్చున్నారు. ఇప్పటికైనా తన వంక చూస్తుందేమో, ఒక్క మాట అడుగుతుందేమో అని మెహ్రి ఎదురుచూసింది. వ్యాను బజారు దాటింది, కాలువ దాటింది. హమ్రోబీబీ కిటికీలోంచి మొహం తిప్పకుండానే అంది.

"ఇంత దాచుకుని మా ఇంటికొచ్చావా?"

"నాకు తెలిస్తే కదా అత్తయ్యా, దాచడానికి."

"మీ అమ్మకి తెలిసే ఉంటుంది" అని ఆవిడ తేల్చేసింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. షొహిస్తాని బుఖారా తీసుకెళ్లి అక్కడి లాబ్‌లో నిజంగానే పరీక్ష చేయించారు. ఏమీ లేదని తేలింది. హమ్రోబీబీ ఆ కాగితం తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టి, మీ నర్సు సీసాలు మార్చేసిందని ఒంటికాలి మీద లేచింది. పాపం ఆ నర్సు చీవాట్లు తింది. ఇంటికొచ్చి అందరికీ హల్వా పంచారు. షొహిస్తా వదిన చేతిలో కూడా ముక్క పెట్టింది, మొహం చూడలేక తలొంచుకుని. మెహ్రి ఆ ముక్కని నోట్లో పెట్టుకోలేదు, పారెయ్యనూ లేదు. చేతిలోనే కరిగి జిగురైంది.

ఆమె అడుగుతున్నది చిన్న విషయం. బహ్రొమ్ ఒకసారి చెయ్యి చాపాలి. అతనిలో లేకపోతే భయం లేదు. ఉంటే, బిడ్డ సంగతి తాష్కెంట్‌లో చూస్తారట. ఆలస్యమైతే కుదరదట. అప్పటికే మూడో నెల నడుస్తోంది.

బహ్రొమ్‌ది బజారు చివర రొట్టెల కొట్టు. మెహ్రి అన్నం క్యారేజీ తీసుకెళ్లేసరికి అతను తందూరులోకి నడుం దాకా వంగి రొట్టెలు అతికిస్తున్నాడు. మోచేతుల దాకా కాలిన మచ్చలు, వెంట్రుకలు మాడిపోయిన చేతులు. రోజూ నిప్పులో పెట్టే చేతులవి. ఆమె చెప్పిందంతా విని, పిండి గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"నీలో ఉందన్నారు. నాలో ఉందనలేదు కదా?"

"మీ దగ్గర తీసుకుంటే కదండీ చెప్పడానికి. పిన్ని మీ సొంత పిన్ని."

"పిన్నిది వేరు. మా అమ్మకి నలుగురం పుట్టాం. ఎవరికైనా ఏమైనా ఉందా?" బహ్రొమ్ ఇంకో రొట్టె తీసి చేతుల మీద తిప్పాడు. "చూడు మెహ్రీ, రొట్టెల బహ్రొమ్ రక్తం పరీక్ష చేయించుకున్నాడట అని బజార్లో పడితే, రేపు ఈ కొట్టు ముందు ఎవరు నిలబడతారు? షొహిస్తా పెళ్లి అవనీ. తర్వాత చూద్దాం."

"అప్పటికి గడువు దాటిపోతుంది."

"నా బిడ్డకేం కాదు" అన్నాడు. ఆ మాటతో తనకి పని అయిపోయినట్టు మళ్లీ తందూరులోకి వంగాడు. మెహ్రి ఆ వీపు వంక కాసేపు చూసింది. కోపంతో కళ్లు మండాయి. పొగ వల్ల అనుకుంటాడు, అదీ ఒక సుఖమే అతనికి.

ఇంటికొచ్చి బొంతల దగ్గర కూర్చుంది. బెత్తాలు అందుకోబోతుంటే హమ్రోబీబీ వాటిని మెల్లగా లాగేసి పక్కింటి కోడలికి ఇచ్చింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మెహ్రికి కూడా చెప్పలేదు. వంటింట్లో సాయం కావాలి, కేరట్లు ఉన్నాయి అంది అంతే.

వంటింట్లో ముఅజ్జమ్ ఒక్కతే ఉంది. మెహ్రి చేతిలో చాకు, ముందు కేరట్ల బుట్ట చూడగానే ఆమెకి సంగతి అర్థమైంది. ఈ రకం పంపకాలు ఆమెకి కొత్తేమీ కాదు. మెహ్రి కూడా దాచలేదు. అన్నీ చెప్పేసింది, ఎవరి పేరుతో ఎవరు రక్తం ఇచ్చారో కూడా. ముఅజ్జమ్ కేరట్లు అగ్గిపుల్లల్లా సన్నగా తరుగుతూనే విన్నది. ఒక్కసారి మాత్రం చాకు ఆగింది, కడుపు సంగతి విన్నప్పుడు.

కిటికీలోంచి పందిరి కింద మగవాళ్ల గద్దె కనిపిస్తోంది. ముఅజ్జమ్ భర్త కహ్హొర్ అందరికంటే పైన, మెత్తల మధ్య కూర్చుని ఉన్నాడు. మామగారు స్వయంగా గిన్నెలో టీ పోసి అందిస్తున్నారు.

"చూశావా మీ బాబాయిని" అంది ముఅజ్జమ్. "నొజిమాకి ఇద్దరం చెరి సగం ఇచ్చాం. వంటింట్లోకి వచ్చింది నేనొక్కదాన్నే."

నవ్వుతూనే అంది. ఆ నవ్వుకే మెహ్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. అంత వయసొచ్చిన మనిషి, అంత మంచి చెయ్యి, తొమ్మిదేళ్లుగా కేరట్లు తరుగుతోంది. ఆయనగారు అదే జబ్బులో సగం భాగస్తుడై ఉండి, పై మెత్త మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. ఎవరికీ అది తప్పుగా కనబడదు. ఇన్నాళ్లూ తనకి మాత్రం కనబడి ఏం చేసింది? కడుపులో బిడ్డ పుట్టి, ఏదైనా అయితే, తనూ ఇలాగే నవ్వుతుందా?

"మీకు ముందే తెలిసుంటే ఏం చేసేవాళ్లు పిన్నీ?"

ముఅజ్జమ్ తరిగిన కేరట్లు ఒక పక్కకి నెట్టింది. "ఏమో. నొజిమా లేకుండా నేనుండలేను. కానీ సూది గుచ్చిన ప్రతిసారీ అది నా వంక చూస్తుంది. ముందే అడిగి తెలుసుకునే అవకాశమైనా నాకు రాలేదు కదా అనిపిస్తుంది." చాకు మళ్లీ కదిలింది. "నువ్వు అడుగు. ఏం చేస్తావన్నది తర్వాత."

మర్నాడు దారం తెస్తానని చెప్పి మెహ్రి ఇల్లు దాటింది. తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ ఎదురుగా నిలబడి శాలువా వెనక్కి తోసేసింది.

"ఆ రక్తం నాదండీ. నా పేరు మెహ్రినిసో. షొహిస్తా మా ఆడపడుచు. నర్సు తప్పేమీ లేదు, సీసాలు మారలేదు."

డాక్టరమ్మ కోపం పట్టలేకపోయింది. ఎంత పని చేశారో తెలుసా అంది, ఆ అమ్మాయి జీతం కోసేవాళ్లం తెలుసా అంది. మెహ్రి తలొంచుకుని అన్నీ పడింది. అవి తను పడాల్సినవే అనిపించింది. ఆ నర్సుని పిలిపించమని అడిగి, ఆమె ముందు కూడా చెప్పింది. అప్పుడు మూడో నెల సంగతి చెప్పింది. డాక్టరమ్మ గొంతు మారిపోయింది. భర్తని తీసుకురమ్మంది. రానంటున్నాడని మెహ్రి చెప్పింది. డాక్టరమ్మకి అది కూడా కొత్త కాదు.

"అత్తగారు వస్తారా? ఆవిడలో లేకపోతే మీ ఆయనకి వచ్చే దారి దాదాపు మూసుకున్నట్టే. ఉంటే మాత్రం ఆయన్ని ఎలాగైనా తీసుకురా. రోజులు లేవు."

ఆ పొద్దున్న సలాం చేసినప్పుడు హమ్రోబీబీ బదులు పలకలేదు. రక్తం సంగతి తేలినప్పటి నుంచీ అంతే. మర్నాడు పొద్దున్న కూడా మెహ్రి గుమ్మంలో నిలబడి వంగింది. కానీ లేచాక పక్కకి తప్పుకోలేదు. అత్తగారి దారికి అడ్డంగానే నిలబడింది.

"నాకు మూడో నెల అత్తయ్యా."

హమ్రోబీబీ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. చేతులు రెండూ ముందుకు వచ్చాయి. అంతలోనే ఏదో లెక్క తట్టినట్టు ఆ వెలుగు ఆరిపోయింది, చేతులు శాలువా కొంగులోకి వెళ్లిపోయాయి.

"మీరు చెప్పిన చోటికి నేను నోరెత్తకుండా వచ్చాను. ఒకసారి కాదు, రెండుసార్లు" అంది మెహ్రి. "నేను చెప్పిన చోటికి మీరు ఒక్కసారి రండి."

హమ్రోబీబీ ముందు గయ్యిమంది. కోడలు అత్తగారి రక్తాన్ని అడిగే రోజులొచ్చాయా అంది. నలుగుర్ని కన్నాను, ఒక్కడికి జలుబు కూడా నిలవలేదు అంది. ఆ తర్వాత ఏమనుకుందో ఏమో, సరే పద అంది. తనలో లేదని తేలాక ఈ ఇంట్లో ఆ మాట ఎవరైనా ఎత్తితే ఊరుకోనంది. దారి పొడుగునా పెళ్లికి వెళ్తున్నట్టు నడిచింది. నర్సు ముందు చొక్కా చెయ్యి తనే మడిచి, బాగా తీసుకో, తక్కువైందని మళ్లీ పిలవకు అని కసిరింది కూడా.

కబురు వచ్చాక ఇద్దరూ మళ్లీ వెళ్లారు. డాక్టరమ్మ నాన్చకుండా చెప్పేసింది. ఉంది. ముఅజ్జమ్‌కి ఎక్కడి నుంచి వచ్చిందో హమ్రోబీబీకీ అక్కడి నుంచే వచ్చింది, వాళ్ల అమ్మ నుంచో నాన్న నుంచో. భర్తలో లేకపోయి ఉండాలి, అందుకే పిల్లలకి జబ్బు రాలేదు. మోసేవాళ్లు మాత్రం వాళ్లలో ఎవరైనా ఉండొచ్చు.

హమ్రోబీబీ తన రెండు చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. ఆ పేటలో ఎన్ని పెళ్లిళ్లకి, ఎన్ని ఉయ్యాలలకి ఆ చేతులు మొదటి కుట్టు వేశాయో. వాటిని ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"అయితే ముఅజ్జమ్ చేసిన తప్పేంటి?"

"ఏమీ లేదు" అంది డాక్టరమ్మ.

వ్యానులో మెహ్రి కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. గెలిచానన్న సంతోషం ఆమెకి లేదు. ఇప్పుడు భయం ఇంకా దగ్గరికొచ్చింది.

పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కప్పుకునే పెద్ద బొంత ఆఖరున కుడతారు. ఆ రోజు పేట ఆడవాళ్లంతా వచ్చారు. ఆకుపచ్చ మఖ్మల్ మీద తెల్లటి దూది పరిచి, పై గుడ్డ కప్పి, నాలుగు మూలలూ నలుగురు పట్టుకున్నారు. మెహ్రి వంటింటి గుమ్మంలో కేరట్ల బుట్టతో నిలబడి చూస్తోంది. హమ్రోబీబీ సూదిలో దారం ఎక్కించింది. అందరూ మాటలు ఆపారు. సూది గుడ్డ మీదికి వంగింది, ఆగింది. మళ్లీ వంగింది, మళ్లీ ఆగింది.

"ముఅజ్జమ్, ఇలా రా" అని కేకేసింది.

ముఅజ్జమ్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది, ఉప్పు ఎంత వెయ్యాలో అడగడానికి పిలిచిందేమో అనుకుని. హమ్రోబీబీ సూది ఆమె చేతిలో పెట్టింది. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఒక పెద్దావిడ గొంతు సవరించుకుని, ఇది పెళ్లి బొంతమ్మా, కాస్త చూసుకుని అంది.

"పెళ్లి నా కూతురిది. అది కుడితేనే ఈ బొంత నా ఇంట్లోంచి కదుల్తుంది" అంది హమ్రోబీబీ.

అంతే అంది. తనలోనూ అదే రక్తం ఉందన్న ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు. పెళ్లి అయ్యేదాకా రాదు కూడా. మెహ్రికి అది ముల్లులా గుచ్చుకుంది. నలుగురి ముందూ చెల్లెలి చేతికి సూది ఇవ్వగలిగిన మనిషి నలుగురి ముందూ నిజం చెప్పలేకపోయింది. ముఅజ్జమ్‌కి ఆ లెక్కలేవీ పట్టలేదు. చాప మీద కూర్చుని, కళ్ల నీళ్లు భుజానికి తుడుచుకుని, మొదటి కుట్టు వేసింది. తొమ్మిదేళ్లయినా ఆ చెయ్యి వంకర పోలేదు.

అప్పుడే బహ్రొమ్ పలావులోకి వేడి రొట్టెల బుట్ట మోసుకుంటూ లోపలికి వచ్చాడు. హమ్రోబీబీ అతన్ని పందిరి స్తంభం దగ్గరే ఆపింది.

"రేపు కొట్టు ఆలస్యంగా తెరువు. నీ భార్యని తీసుకుని ఆసుపత్రికి వెళ్లి రక్తం ఇచ్చిరా."

బహ్రొమ్ తల్లి వంక, వంటింటి వైపు, మళ్లీ తల్లి వంక చూశాడు. ఆ ఇంట్లో రక్తం ఎలా ఇస్తారో అతనికి తెలుసు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరి పేరు మీద?"

కొత్త కోడలు పరాయివాళ్ల ముందు భర్తకి బదులు చెప్పడం ఆ పేటలో లేదు. మెహ్రి కేరట్ల బుట్ట గుమ్మంలో పెట్టి, పందిరి కిందికి వచ్చి, అందరికీ వినబడేలా చెప్పింది.

"మీ పేరు మీదే."

సూదులన్నీ ఆగిపోయాయి. హమ్రోబీబీ కోడల్ని కసరలేదు. బహ్రొమ్ బుట్ట కింద పెట్టి, సూది అప్పుడే గుచ్చబోతున్నట్టు, మోచేతుల దాకా మడిచి ఉన్న చొక్కా చేతుల్ని మెల్లగా కిందికి దించుకున్నాడు.